పాత డీజిలు ట్రాక్టరులో వాల్వుల లోపం కనిపెట్టే విధానం

పాల క్యాన్లు మోసే ట్రాక్టరుకూ దుక్కికి పోయే ట్రాక్టరుకూ ఒక తేడా ఉంది. దుక్కి ఒక పూట ఆగితే మర్నాడు దున్నుకోవచ్చు. తెల్లవారుజామున పితికిన పాలు ఎండ ఎక్కేదాకా క్యాన్లలో ఉండిపోతే సి.ఓ.బి. పరీక్షలో విరుగుతాయి. విరిగిన పాలను కేంద్రంలో దించుకోరు. ఆ పూట పాలు పోసిన సభ్యులందరికీ ఆ నష్టం తగులుతుంది. ఊళ్ళోనే పాల శీతలీకరణ ట్యాంకు ఉన్న సంఘాలకు ఈ బాధ కొంత తగ్గినమాట నిజమే. కాని శివారు పల్లెల పాలను పోగుచేసి ఒక ట్యాంకుకు చేర్చవలసిన చోట్ల ఇప్పటికీ ఏదో ఒక పాత ట్రాక్టరు, దాని వెనుక ఒక ట్రాలీ తప్పడం లేదు.

సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు మరమ్మతు బిల్లులలో తరచుగా కనిపించే మాట “ఇంజను పని” అన్నది. ఏ సిలిండరుకు, ఏ లోపానికి, ఏ భాగం మార్చారన్న వివరం ఉండదు. ఒక సంఘం దస్త్రంలో ఒకే సంవత్సరంలో మూడు బిల్లులు చూశాను. మొదటిది నాజిల్సు మార్చినందుకు, రెండవది డీజిలు పంపు సర్వీసు చేసినందుకు. మూడవది హెడ్ విప్పి మూడవ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు మార్చినందుకు. మూడింటిలో చిన్న బిల్లు అదే. బండి బాగుపడింది కూడా దానితోనే. మొదటి రెండు తీర్మానాలు చేసేముందు పాలకవర్గంలో ఎవరైనా “ఏ సిలిండరు కొట్టడం లేదు? ఎలా తెలుసుకున్నారు?” అని అడిగి ఉంటే ఆ డబ్బు సభ్యుల బోనసులోకి పోయి ఉండేది. సభ్యులు అందరూ స్పానరు పట్టనక్కరలేదు. మెకానిక్కు చెప్పేది నిజమో కాదో పోల్చుకునేంత తెలిస్తే చాలు. ఈ పాఠం అందుకొరకే.

వాల్వు చేసే పని

నాలుగు స్ట్రోకుల డీజిలు ఇంజనులో ప్రతి సిలిండరుకు కనీసం రెండు వాల్వులుంటాయి. గాలిని లోపలికి వదిలేది ఇన్‌లెట్ వాల్వు, కాలిన పొగను బయటికి పంపేది ఎగ్జాస్టు వాల్వు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే వాల్వు నిమిషానికి 750 సార్లు తన సీటు మీద కూర్చుని లేస్తున్నదన్నమాట.

డీజిలు ఇంజనుకు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కగా పుట్టిన వేడికే డీజిలు అంటుకోవాలి. కుక్కరు మూత సరిగా పట్టకపోతే పప్పు ఉడకనట్లే, వాల్వు సీటు మీద సరిగా కూర్చోకపోతే గాలి పక్కనుంచి జారిపోయి కావలసిన వేడి పుట్టదు. కనుకనే వాల్వు లోపమున్న బండి చలికాలం ఉదయాన మొరాయిస్తుంది, మధ్యాహ్నం ఏమీ ఎరగనట్లు స్టార్టవుతుంది.

ఎగ్జాస్టు వాల్వు సంగతి ఇంకొంచెం చెప్పాలి. మండే పొగ దాని పక్కనుంచే పోతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం వాల్వు తన సీటు మీద కూర్చున్న ఆ కాస్త వ్యవధిలోనే సీటు ద్వారా హెడ్‌లోకి, అక్కడినుంచి నీళ్ళలోకి దిగిపోవాలి. సీటు మీద పూర్తిగా కూర్చోని వాల్వుకు వేడి దిగే దారి ఉండదు. పైగా సందులోనుంచి మంట తన్నుకువస్తూ అంచును కోస్తుంది. ఒకసారి అంచు కోసుకుపోతే ఇక అది తనంతట బాగుపడదు, రోజురోజుకూ పెరుగుతుంది. ఇన్‌లెట్ వాల్వులను చల్లని గాలి తాకుతూ ఉంటుంది కాబట్టి అవి ఇంత తొందరగా కాలవు.

బయటికి కనిపించే గుర్తులు

బండి లాగడం లేదు అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. గాలి వడపోత మూసుకుపోయినా, డీజిలు ఫిల్టరు పూడుకుపోయినా, క్లచ్చి జారినా బండి లాగదు. వాల్వుల గుర్తులు వేరుగా ఉంటాయి. ఇంజను నిదానంగా తిరుగుతున్నపుడు ఒక కాలు కుంటే ఎద్దు నడకలాగ, వరుసలో ఒక దెబ్బ తప్పిపోతూ ఉంటుంది. దీనినే మెకానిక్కులు మిస్సింగు అంటారు. స్టార్టయిన కొత్తలో తెల్లని పొగ, కళ్ళు మండే డీజిలు వాసన వస్తే ఏదో సిలిండరులో డీజిలు కాలకుండా బయటికి వస్తున్నదని అర్థం. ఎయిర్ క్లీనరు గొట్టంలోనుంచి ఫట్ ఫట్‌మని ఎదురు ఊదుతూ ఉంటే ఇన్‌లెట్ వాల్వు మూసుకోవడం లేదని అనుమానించాలి. ఎగ్జాస్టు వాల్వు అసలు తెరుచుకోకపోయినా, అనగా పుష్ రాడ్ పక్కకు తప్పిపోయినా, కాలిన పొగ పోవడానికి దారిలేక ఇన్‌లెట్ తెరుచుకోగానే అటే తన్నుకువస్తుంది. ఈ రెండవ కారణాన్ని చాలామంది మరచిపోయి అనవసరంగా హెడ్ విప్పుతారు. టాపెట్ కవరు తీసి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే పని ఇది.

రాత్రంతా నిలిపిన బండి ఉదయం స్టార్టు చేయగానే ఒక గుప్పెడు నీలి పొగ వదలి తరువాత తేటపడితే, వాల్వు గైడులు అరిగి పైనున్న ఆయిలు కాడ వెంబడి దిగుతున్నదని ఊహించవచ్చు. పని చేస్తున్నంతసేపూ నీలి పొగ వస్తూనే ఉంటే అది రింగుల వ్యవహారం.

శబ్దం గురించి ఒక మాట. టాపెట్ సందు ఎక్కువైతే పైన కవరు కింద టిక్ టిక్‌మని సన్నని చప్పుడు వస్తుంది. ఇంజను నిదానంగా తిరుగుతుండగా కవరు తీసి, అనుమానమున్న రాకరుకూ వాల్వు కాడకూ మధ్య ఫీలర్ గేజి రేకును జొనిపితే ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆగితే మీ దోషి అదే. (ఆయిలు చిందుతుంది, పంచె కొంగు, తువ్వాలు దూరంగా ఉంచుకోవాలి.) కింద నుంచి డొక్కు డొక్కుమని బరువుగా వచ్చే చప్పుడు వాల్వుది కాదు. దానిని వింటూ బండిని నడపనే కూడదు.

ముందు సిలిండరును పట్టుకోవాలి

ఏ పరీక్షకైనా ముందు లోపం ఏ సిలిండరులో ఉన్నదో తేల్చుకోవాలి. దీనికి ఒక పల్లెటూరి ఉపాయం ఉంది. చల్లని ఇంజనును స్టార్టు చేసిన నిమిషంలోపుగానే ఎగ్జాస్టు మానిఫోల్డు మీద, ఒక్కొక్క సిలిండరు నోటి దగ్గర, వేళ్ళతో నాలుగు నీటిచుక్కలు చల్లండి. పనిచేసే సిలిండరు దగ్గర చుక్కలు చుయ్‌మని ఇగిరిపోతాయి. పనిచేయని దాని దగ్గర అలాగే నిలుస్తాయి.

ఇంకా నమ్మకమైన పద్ధతి ఇంజెక్టరు గొట్టం నట్టును సడలించి చూడటం. ఇంజను నిదానంగా తిరుగుతుండగా ఒక్కొక్క ఇంజెక్టరు మీది నట్టును అరచుట్టు మాత్రమే వదులుచేసి తిరిగి బిగించాలి. పనిచేసే సిలిండరుకు డీజిలు ఆపితే ఇంజను చప్పుడు వెంటనే కుంగుతుంది. ఏ నట్టు వదులు చేసినా చప్పుడులో తేడా రాలేదో ఆ సిలిండరు ముందునుంచీ పనిచేయడం లేదన్నమాట. ఆ సమయంలో చేతిని గాని, ముఖాన్ని గాని నట్టు ముందు పెట్టకూడదు. ఆ పీడనంలో వచ్చే డీజిలు ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా అది ఆసుపత్రికి పరుగెత్తవలసిన గాయం. నట్టు మీద మందమైన గుడ్డ కప్పి స్పానరుతో సడలించాలి.

చచ్చిన సిలిండరు దొరికిన తరువాత దాని ఇంజెక్టరునూ, మంచి సిలిండరు ఇంజెక్టరునూ ఒకదానిచోట ఒకటి మార్చి బిగించండి. కింది రాగి వాషర్లు మాత్రం కొత్తవి వేయాలి. లోపం ఇంజెక్టరుతోపాటు రెండవ సిలిండరుకు వెళ్ళిందా, నాజిల్ చెడిపోయిందని తేలింది. పాత చోటనే నిలిచిందా, నాజిల్ నిర్దోషి. పైన చెప్పిన సంఘంలో ఈ అరగంట పని చేయలేదు.

వాల్వా, రింగులా, గాస్కెట్టా?

సిలిండరులో గాలి నిలవడం లేదని అనుకున్నపుడు అది ఎటు పోతున్నదో తెలుసుకోవాలి. పోవడానికి దారులు నాలుగే. ఇన్‌లెట్ వాల్వు కారితే గాలి ఎయిర్ క్లీనరు వైపు, ఎగ్జాస్టు వాల్వు కారితే సైలెన్సరు వైపు, రింగులు అరిగితే ఆయిలు పోసే మూత వైపు, హెడ్ గాస్కెట్టు కాలితే రేడియేటరులోకి లేదా పక్క సిలిండరులోకి పోతుంది.

డీజిలు ఆపే నాబు లాగి ఉంచి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పించండి. హ్యాండిలు లేని బండికి ముందు పుల్లీ నట్టుకు పెద్ద స్పానరు వేసి తిప్పవచ్చు. మూడు సిలిండర్ల ఇంజనయితే రెండు చుట్లలో మూడుసార్లు చేతికి ఎదురు తగలాలి. ఒకచోట ఎదురు లేకుండా చేయి సులువుగా దాటిపోతే ఆ సిలిండరులో బిగువు లేదు. అదే సమయంలో ఇంకొకరు ఒక మూర రబ్బరు గొట్టం ఒక కొసను చెవి దగ్గర, రెండవ కొసను పైన చెప్పిన నాలుగు చోట్లా పెట్టి వినాలి. ఉస్సుమనే శబ్దం ఎక్కడ వినిపిస్తే లోపం అక్కడ.

దగ్గరలో పంక్చరు షాపు కంప్రెసరు ఉంటే ఈ పరీక్ష ఇంకా బాగా చేయవచ్చు. పాత ఇంజెక్టరు బాడీకి గాలి గొట్టం అతికించి, అనుమానమున్న సిలిండరు పిస్టనును కంప్రెషను స్ట్రోకు కొసకు, రెండు వాల్వులూ మూసుకునేటట్లుగా తెచ్చి, ఇంజెక్టరు రంధ్రంలో బిగించి గాలి వదలాలి. గాలి ఒత్తిడికి క్రాంకు ఒక్కసారిగా తిరగవచ్చు. హ్యాండిలు ముందే తీసివేసి, బండిని టాపు గేరులో ఉంచి, బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, కొద్ది గాలితో మొదలుపెట్టాలి. రింగుల సందునుంచి మంచి ఇంజనులో కూడా కొంచెం గాలి దిగుతుంది. దానికి భయపడనక్కరలేదు. వాల్వులనుంచి మాత్రం చప్పుడే రాకూడదు.

కంప్రెషను గేజి పెట్టి చూపిస్తానని మెకానిక్కు అంటే సంతోషమే. అది డీజిలు ఇంజనుకు తగిన గేజి అయి ఉండాలి. మోటారుసైకిలుకో, పెట్రోలు కారుకో వాడే గేజి ఈ పీడనానికి తట్టుకోదు. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. మూడూ సమానంగా కొంచెం తగ్గితే ఇంజను వయసు. ఒకటి మాత్రమే బాగా పడిపోతే వాల్వు అని మొదట అనుమానించాలి. పక్కపక్కన ఉన్న రెండు కలిసి పడిపోతే వాటి మధ్య గాస్కెట్టు కాలి ఉండవచ్చు. గేజి పెట్టిన రంధ్రంలో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ చూడటం పాత అలవాటు. అంకె బాగా పెరిగితే రింగులని, పెరగకపోతే వాల్వులని చెబుతారు. డీజిలు ఇంజనులో పిస్టను పైన చోటు బహు తక్కువ గనుక ఆ కాస్త ఆయిలే చోటును నింపి అంకెను పెంచుతుంది. కాబట్టి ఈ ఒక్క పరీక్షను నమ్మి బోరు పనికి ఒప్పుకోవద్దు. చెంచాకు మించి ఆయిలు పోస్తే పిస్టను దానిని నొక్కలేక కనెక్టింగు రాడ్డే వంగిపోవచ్చు.

స్టార్టు కాని బండికి ఎయిర్ క్లీనరు దగ్గర మండే గుడ్డ పట్టుకోవడం కొన్ని ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. ఇన్‌లెట్ వాల్వు కారే ఇంజను ఎదురు ఊదితే ఆ మంట పట్టుకున్నవాని ముఖానికే వస్తుంది.

టాపెట్ సందు

హెడ్ విప్పేముందు తప్పక చూడవలసినది ఇదే. చాలాసార్లు పని ఇక్కడే ముగుస్తుంది. ఇంజను వేడెక్కినపుడు వాల్వు కాడ సాగుతుంది. సాగడానికి చోటు ఉండాలని రాకరుకూ కాడ కొసకూ మధ్య చిన్న సందు వదులుతారు. చప్పుడు వస్తే సందు ఎక్కువైందని అందరికీ తెలుస్తుంది. సందు తక్కువైతే చప్పుడు రాదు. ఇంజను మునుపటికంటే మెత్తగా తిరుగుతున్నట్లు ఉంటుంది, యజమాని సంతోషిస్తాడు, లోపల వాల్వు కాలుతూ ఉంటుంది. వాల్వు అరిగి సీటులోకి దిగబడేకొద్దీ కాడ పైకి లేచి సందు దానంతటదే మూసుకుపోతుంది. ఒకసారి సరిచేసిన సందు తక్కువ కాలంలోనే మళ్ళీ తగ్గిందంటే సీటు తినేస్తున్నదని గ్రహించాలి.

ఉదాహరణకు మన ప్రాంతంలో ఇంకా అక్కడక్కడ తిరుగుతున్న మాస్సీ ఫెర్గూసన్ 35 బండిని తీసుకుందాము. 152 ఘనపుటంగుళాల మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజను ఉన్న రకానికి ఇంజను చల్లగా ఉన్నపుడు సందు 0.30 మిల్లీమీటర్లు, అనగా మెకానిక్కుల భాషలో పన్నెండు థౌ. వేడిగా ఉన్నపుడు 0.25 మిల్లీమీటర్లు, పది థౌ. ఇతర కంపెనీల బండ్లకు ఈ అంకెలు వేరు. మీ బండి పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. అన్ని బండ్లకూ ఒకే రేకు వాడే మెకానిక్కును కొంచెం కనిపెట్టి ఉండాలి.

ఈ ఇంజను మంట వరుస 1, 2, 3. రేడియేటరు వైపుది ఒకటవది. ఇంజనును తిరిగే దిక్కుననే తిప్పుతూ, ఒకటవ సిలిండరు ఇన్‌లెట్ వాల్వు కిందికి నొక్కుకుని తిరిగి పైకి లేచినదాకా చూసి, అక్కడినుంచి ఇంకొక అరచుట్టుకు కొంచెం తక్కువగా తిప్పితే పిస్టను పైకి వస్తుంది. అపుడు రెండు రాకర్లూ చేతికి వదులుగా ఆడతాయి. ఆ రెండింటి సందునూ సరిచేయాలి. క్రాంకును మూడింట రెండువంతుల చుట్టు తిప్పితే రెండవ సిలిండరు, మళ్ళీ అంతే తిప్పితే మూడవది అదే స్థితికి వస్తాయి. రేకు కొంచెం రాపిడితో జారాలి. లాక్ నట్టు బిగించాక మరల చూడాలి, బిగింపులో సందు మారుతుంది.

ఇక్కడొక మోసం ఉంది. పాత బండ్లలో రాకరు మూతి వాల్వు కాడ తాకేచోట గుంటపడి ఉంటుంది. తిన్నని రేకు ఆ గుంట అంచుల మీద ఆనుకుంటుంది, గుంట లోతును కొలవదు. రేకు ప్రకారం సరిగా ఉన్న సందు నిజానికి ఎక్కువే ఉంటుంది. సెట్టింగు చేసినా చప్పుడు పోలేదంటే రాకరు మూతిని గోటితో తడిమి చూడండి. అలాగే పుష్ రాడ్లను తీసి అద్దం పలక మీద దొర్లిస్తే వంగినది ఎగురుతూ దొర్లుతుంది. రాకర్లు పొడిగా ఉంటే పైకి ఆయిలు వచ్చే దారి పూడుకున్నదన్నమాట. ఆ దారి తెరవకుండా కొత్త రాకర్లు వేస్తే అవీ అదే దారి పడతాయి. కొన్ని నెలలు షెడ్డులో నిలిపిన బండిలో వాల్వు గైడులోనే జిగురుపట్టి తెరుచుకున్నచోటనే ఆగిపోవచ్చు. దానిని సుత్తితో కొట్టకుండా కిరోసిను, పలుచని ఆయిలు కలిపి పోసి, నానబెట్టి మెల్లగా కదిలించాలి.

హెడ్ విప్పవలసి వస్తే

గాలి వాల్వునుంచే పోతున్నదని, సందు సరిగానే ఉన్నదని రుజువైతే హెడ్ విప్పక తప్పదు. విప్పేటపుడు పాలకవర్గ సభ్యుడొకరు దగ్గర ఉండటం మంచిది. వాల్వులు ఏ సిలిండరువి ఆ సిలిండరుకే పోయేటట్లు అట్టముక్కకు రంధ్రాలు చేసి, అంకెలు వేసి గుచ్చిపెట్టాలి. కాలిన వాల్వును గుర్తించడం కష్టం కాదు. గుండ్రని అంచులో ఒకచోట ఎలుక కొరికినట్లు ఉంటుంది, లేదా ఆ భాగం మాత్రం వేరే రంగులో కనిపిస్తుంది. తల అంచు కత్తిలాగ పలచబడిన వాల్వును గ్రైండు చేయించడం దండుగ, కొత్తది వేయడమే మేలు. సీటు లోతుకు దిగిపోయి ఉంటే కొత్త వాల్వు వేసినా ప్రయోజనం లేదు, సీటు రింగు వేయించాలి. గైడులో వాల్వును పక్కలకు ఊపి చూడకుండా సీటు కోయించడం కూడా దండుగే. ఊగే గైడులో వాల్వు ప్రతిసారీ ఒక్కోచోట కూర్చుంటుంది.

పేస్టు వేసి రుద్దిన తరువాత చుట్టూ ఒకే వెడల్పున తెగకుండా మసక బూడిదరంగు గీత కనబడాలి. అంతకంటే మంచి పరీక్ష, వాల్వులు స్ప్రింగులతో బిగించి హెడ్డును పక్కకు వాల్చి పోర్టులలో కిరోసిను పోయడం. పావుగంట తరువాత వాల్వు తల చుట్టూ తడి కనిపించకూడదు. ఈ పరీక్షను మీ కళ్ళతో చూసి గాని హెడ్డును ఎక్కించనివ్వకండి. పేస్టు ఒక రవ్వ మిగిలినా బోరును గీరుతుంది గనుక కిరోసినుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వీలుంటే గాలి కొట్టించాలి.

వాల్వు ఎందుకు కాలిందన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. పాల బండికి ఒక ప్రత్యేకమైన దురలవాటు ఉంది. ప్రతి ఊళ్ళోనూ క్యాన్లు ఎక్కించేటపుడు, లాక్టోమీటరు చూసేటపుడు, కబుర్లు చెప్పుకునేటపుడు ఇంజను తిరుగుతూనే ఉంటుంది. బరువు లేకుండా గంటలతరబడి తిరిగే ఇంజనులో డీజిలు పూర్తిగా కాలక మసి పేరుకుంటుంది. ఆ మసి వాల్వును సీటు మీద కూర్చోనివ్వదు. బ్యాటరీ బాగుచేయించక, మళ్ళీ స్టార్టు కాదేమోనన్న భయంతో ఇంజను ఆపని సంఘాలు ఉన్నాయి. కోతల కాలంలో ఆయిలు తొట్టి ఎయిర్ క్లీనరులో ధూళి నిండి బురదైనా మార్చకపోవడం రెండవ కారణం. రేడియేటరు కారుతుంటే రోజూ నీళ్ళు పోసుకుంటూ నడపడం మూడవది.

హెడ్ బిగించేటపుడు నట్లను పుస్తకంలో చూపిన వరుసలో, రెండు మూడు విడతలుగా, టార్కు స్పానరుతో బిగించాలి. ఇంజనును వేడెక్కేదాకా నడిపి, పుస్తకం చెప్పిన ప్రకారం మరల బిగింపు చూసి, టాపెట్ సందును ఇంకొకసారి సరిచేయించాలి. ఈ రెండవ సెట్టింగుకు రానని మెకానిక్కు అంటే బిల్లులో కొంత నిలిపి ఉంచవచ్చు. బిల్లులో సిలిండరు నంబరు, మార్చిన వాల్వు ఇన్‌లెటా ఎగ్జాస్టా, లేత్ పని వివరం వేరువేరుగా రాయించి, తీసిన పాత భాగాలను సంఘానికి అప్పగించినట్లు వోచరు మీద సంతకం తీసుకోండి. బండి లాగ్‌బుక్కులో ఆనాటి తేదీ, గంటల మీటరు అంకె, వదిలిన సందు ఎంతో రాసి ఉంచితే, వచ్చేసారి కవరు విప్పినపుడు ఏ వాల్వు సీటులోకి దిగుతున్నదో ఆ కాగితమే చెబుతుంది.